‘సున్నితత్వం’ ఇక్కడ నప్పుతుందా?

నెల్లూరు నుంచి:
డిగ్రీ పిలకాయల కోసం రామన్ మైక్రోస్కోపు (లేజర్ వెలుగుతో అణువుల కంపనాలను పట్టి చూసేది) మీద తెలుగులో పాఠం రాస్తున్నానండీ. సెన్సిటివిటీ పెంచడాన్ని ‘సున్నితత్వం పెంచడం’ అన్నాను. మాతో పనిచేసే ఒకాయన చదివి, ‘అంటే ముట్టుకుంటే పాడైపోద్దా?’ అన్నాడు. వేరే మాట ఉంటే చెప్పండి.

కావలి నుంచి:
సూక్ష్మగ్రాహ్యత. సంస్కృతమే, కానీ అర్థం తిన్నగా ఉంది.

ఒంగోలు నుంచి:
ముందు అక్కడ జరిగేదేందో చూడండయ్యా. 2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం చేసిన ఉత్తేజిత రామన్ పద్ధతే తీసుకోండి. రెండు లేజర్లు ఒకే చుక్క మీద పడతాయి. వాటి పౌనఃపున్యాల తేడా అణువులోని బంధం కంపనానికి సరిపోతే, ఒక కిరణం రవ్వంత తగ్గి రెండోది పెరుగుద్ది. కొవ్వులోని సీహెచ్2 బంధానికి ఆ తేడా సెంటీమీటరుకు సుమారు 2845 తరంగాలు. రంగు అద్దకుండానే కణంలో కొవ్వు ఎక్కడుందో బొమ్మ కట్టేస్తుంది.

చిక్కేమంటే, ఆ తగ్గుదల పదివేలలో ఒక వంతో, అంతకన్నా తక్కువో. లేజర్ వెలుగు తనంతట తనే ఊగే ఊపులో అది కలిసిపోద్ది. అందుకని ఒక కిరణాన్ని సెకనుకు కోటిసార్ల లెక్కన ఆపుతూ వదులుతూ, రెండోదాంట్లో ఆ లయకు తగ్గట్టు వచ్చే మార్పునే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో ఏరతారు. అంత వేగం దగ్గర లేజర్ ఊగిసలాట బాగా అణిగిపోద్ది, ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, విడివిడిగా రావడం వల్ల పుట్టే అలజడి మిగులుద్ది. ఇదంతా ఎందుకు, లేజర్ బలం పెంచితే పోలా అంటారేమో. కణం మాడిపోద్ది.

అంటే ఇక్కడ కావాల్సింది నాజూకుతనం కాదు, అలజడిలో ఆనవాలు పట్టడం. ‘పసిగట్టే శక్తి’ అనండి. పసి అంటే వాసనే. వేటకుక్క చేసేది అదే.

కావలి నుంచి:
మాట బాగుంది గానీ, ఫిజిక్స్ పాఠంలో ‘శక్తి’ అంటే ఎనర్జీ అయిపోద్ది. లేజర్ బలం పెంచారనుకుంటారు పిలకాయలు.

ఒంగోలు నుంచి:
అయితే ‘పసిగట్టే సత్తా’.

నెల్లూరు నుంచి:
సత్తా ఖాయం. నాయిస్‌కి ‘అలజడి’ కూడా తీసుకుంటున్నా, ‘శబ్దం’ అని రాసి ఉన్నా ఇప్పటిదాకా. ఇంకొకటి మిగిలింది. 2021లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫోటాన్ల అలజడిని కూడా తగ్గించి, బలం పెంచకుండానే సంకేతానికీ అలజడికీ ఉన్న నిష్పత్తిని 35 శాతం మెరుగుపరిచారు. వాడింది స్క్వీజ్డ్ లైట్, అంటే ఆ అలజడిని అణిచిన వెలుగు. ‘పిండిన వెలుగు’ అంటే నవ్వుతారా?

కావలి నుంచి:
నవ్వుతారు. రాసెయ్యండి.