సమస్య: పాపి పాదములకు ప్రణతు లిడెద

నిర్వాహకుడు (కడప)

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి:

పాపి పాదములకు ప్రణతు లిడెద

పోయిన వారం శార్దూలం ఇస్తే ఇద్దరే పూరించారు, అందులో ఒకణ్ణి నేనే. అందుకే ఈసారి వేమన్న దారి పట్టాను. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాల్లో కూడా ఎక్కువ ఆటవెలదులే కదా. కొత్తవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నా: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు-లఘువుల హగణం, లేదా మూడు లఘువుల నగణం), రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. కుదరకపోతే ప్రాసయతి వేసుకోండి.

చేసిన తప్పు ఒప్పుకుని బతుకు మార్చుకున్న మనిషి పద్యంలో కనబడాలి. ఒక్క మనవి. వాల్మీకి, అజామిళుడు, నిగమశర్మ ముగ్గురికీ ఈ వారం సెలవు ఇచ్చాను.

కొత్తగొంతు (అనంతపురం)

సార్, ఒక డౌటు. ‘ములకు’ తర్వాత ‘ప్ర’ ఉంది కదా, ‘కు’ గురువు అయిపోదా? అప్పుడు గణం చెడినట్టే కదా?

నిర్వాహకుడు

మంచి ప్రశ్న. ‘పాదములకు’, ‘ప్రణతులు’ వేర్వేరు పదాలు, సమాసం కాదు. కాబట్టి ‘కు’ లఘువే. పాపి, పాద, ములకు, ప్రణతు, లిడెద. ఐదు సూర్యగణాలు సరిపోయాయి. పా, ప్ర యతి.

బద్వేలు మాస్టారు

సెలవులో ఉన్నాయన్ని వెనక్కి పిలిపించాను, క్షమించాలి.

దారిఁ గాచి దోఁచి తన వారిఁ బోషించి
రామనామ జపము రక్తి సలిపి
పుట్ట వెడలి వచ్చి బుధులు మెచ్చఁ గవియౌ
పాపి పాదములకు ప్రణతు లిడెద

రాయచోటి అక్క

మాస్టారూ, గణాలు, యతులు అన్నీ మీ ఇస్త్రీ చొక్కాలా ఉన్నాయి. రెండు మాటలు చెప్తా. ‘వెడలి’ అన్నాక ‘వచ్చి’ ఎందుకు? గణం నింపడానికి తప్ప దానికి పని లేదు. ‘పుట్ట వెడలి పిదప’ అంటే కాలం కూడా తెలుస్తుంది. రెండోది, దారి కొట్టే కథ వాల్మీకి రామాయణంలో లేదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది. కథ వాడుకోవడం తప్పు కాదు గానీ, మా చుట్టుపక్కల ఆయన్ని కులదేవతగా కొలిచేవాళ్లున్నారు. కవి అయ్యాక కూడా ‘పాపి’ అంటే వాళ్లకు నచ్చదు. నాకూ నచ్చలేదు.

బద్వేలు మాస్టారు

‘పిదప’ తీసుకున్నాను తల్లీ. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. సమస్యలోనే ఆ మాట ఉంది, నేనేం చేసేది?

రాయచోటి అక్క

ఆ మాటను విశేషణంగా తీసుకోకపోతే సరి. ‘పాపు’ అంటే పోగొట్టు. ‘పాపి’ అంటే పోగొట్టి. నా పూరణ:

గడప దాఁటి వచ్చి కడపరాయా నీదు
ముందు నిలిచినాఁడ మొగము వంచి
త్రాగి చేసినట్టి దారుణ దోసముల్
పాపి పాదములకు ప్రణతు లిడెద

దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు కదా, అందుకే ఆ గడప. తాగుడు మానేసి గుడికొచ్చిన మగమనిషి మాట ఇది. మా ఇంట్లోవాళ్లు కాదు, అడగొద్దు.

నిర్వాహకుడు

విరుపు బ్రహ్మాండం. ‘దోసముల్’ ప్రథమ కాబట్టి ‘వాపి’ కావాలని ఎవరైనా అంటారేమో. చిన్నయసూరి ఆ గసడదవాదేశాన్ని (ప్రథమ తర్వాత క చ ట త ప లు గ స డ ద వ లు కావడాన్ని) బహుళం అన్నాడు, అంటే జరగొచ్చు, జరగకపోవచ్చు. ‘పాపి’ నిలుస్తుంది.

బద్వేలు మాస్టారు

ఇప్పుడు నా వంతు. ‘దారుణ దోసముల్’ ఏమిటమ్మా? ‘దారుణ’ సంస్కృతం, ‘దోసము’ తద్భవం, రెండూ సమాసంలో కలవవు. పదో తరగతి పిల్లాడు రాస్తే అర మార్కు కోసేవాణ్ణి.

రాయచోటి అక్క

కోయండి. నిజంగానే చూసుకోలేదు. ‘దోషముల్’ అంటే సరిపోతుంది గానీ ఆ ‘దారుణ’ ఎందుకో నాటకంలో డైలాగులా ఉంది. మార్చాను:

త్రాగి చేసినట్టి దాఁచని దోసముల్

దాచుకోలేదు, చెప్పుకున్నాడు. యతి త్రా, దా అట్లే ఉంది.

పెన్నగట్టు (సిద్ధవటం)

నాకు వ్యాకరణం తెలియదు, అర్థంలో ఒకటి అడుగుతా. దోసాలు పోగొట్టేది దేవుడు కదా? ఇక్కడ తనే పోగొట్టుకుని వచ్చి మొక్కుతున్నాడు.

రాయచోటి అక్క

అన్నా, అది కావాలనే. మొక్కేది ఎవరో పోగొట్టింది వాడే. ఆరు నెలలు సాయంత్రమైతే చేతులు వణుకుతుంటే ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నది వాడు. ఆ పని దేవుడి ఖాతాలో వేస్తే ఎట్లా?

కొత్తగొంతు

నేనూ ఒకటి రాశాను. మొదటిసారి. నవ్వొద్దు.

ఫోనులోన ఆట పొలమంత పోగొట్టి
అప్పులోళ్లు వచ్చి అమ్మనడుగ
సిగ్గుపడుచు ఇపుడు చెప్పుతున్నా నేను
పాపి పాదములకు ప్రణతు లిడెద

‘నేను పాపి’ అని ఒకటి, ‘పాదములకు ప్రణతులు’ అని ఒకటి. పాదాలు అమ్మవి.

నిర్వాహకుడు

ఎవరూ నవ్వడం లేదు నాయనా. మొదటిసారే గణాలు, యతులు నాలుగు పాదాల్లోనూ కుదిరాయి. ‘సి’కి ‘చె’ యతి వేశావంటే చదువుకునే వచ్చావు. ఉన్న లోపమల్లా విసంధి. పద్యంలో అచ్చు అట్లా ఊరికే మధ్యలో నిలబడకూడదు. ‘లోన నాట’, ‘వచ్చి యమ్మ’, ‘పడుచు నిపుడు’. ‘అప్పులోళ్లు’ బదులు ‘అప్పువారు’. సరిచేస్తే:

ఫోనులోన నాట పొలమంతఁ బోఁగొట్టి
అప్పువారు వచ్చి యమ్మ నడుగ
సిగ్గుపడుచు నిపుడు చెప్పుచుంటిని “నేను
పాపి” పాదములకు ప్రణతు లిడెద

పాదాలు ఎవరివన్నది కాస్త దూరాన్వయం. అయినా రెండో పాదంలో అమ్మ ఉంది కాబట్టి దొరుకుతుంది.

పెన్నగట్టు

ఇది నీ సంగతేనా తమ్ముడూ?

కొత్తగొంతు

పొలం మాత్రం కవిత్వం అన్నా. పోయింది బైకు, అక్క పెళ్లికి దాచిన డబ్బులో కొంత. అమ్మకు ఇంకా మొత్తం చెప్పలేదు.

రాయచోటి అక్క

అయితే మూడో పాదం ఇంకా అబద్ధమే అన్నమాట. ఫలితాలు ఆదివారం రాత్రి. అప్పటికి నిజం చెయ్యి.

శనగచేను (జమ్మలమడుగు)

కత్తి పట్టినట్టి కథలెల్లఁ దాఁ జెప్పి
వైరి యింటి ముందు వంగి నిలిచి
మేడి పట్టి బ్రతుకు మెల్లగా మార్చిన
పాపి పాదములకు ప్రణతు లిడెద

మా నాయన గురించి. ఊరు, పేర్లు వద్దు. పార్టీల గొడవల్లో తిరిగి, జైలుకు పోయి వచ్చినాడు. వచ్చిన వారానికే అవతలి వాళ్ల ఇంటికి ఒక్కడే పోయినాడు. చనిపోయినాయన తల్లి తలుపు మూసేసింది. మళ్లీ పోయినాడు, మళ్లీ మూసింది. మూడోసారి ఆమె ఏమీ మాట్లాడకుండా చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి పోయిందంట. ఆ నీళ్లు తాగినాడో లేదో ఇప్పటికీ చెప్పడు. తర్వాత రెండు ఎద్దులు కొని నల్లరేగట్లో శనగ వేసినాడు. నేను అప్పుడు ఏడో తరగతి.

బద్వేలు మాస్టారు

కత్తి పట్టి, మేడి పట్టి. ఆ రెండు ‘పట్టి’ల మధ్య ఒక జీవితం ఉంది. పద్యానికి దండం.

రాయచోటి అక్క

అందరూ మెచ్చాక తప్పు పట్టడానికి భయంగా ఉంది గానీ, ‘కథలు’ అన్న మాట నాకు గుచ్చుకుంది. రచ్చబండ దగ్గర పాత మనుషులు మీసం దువ్వుకుంటూ చెప్పేవి కథలు. మీ నాయన చెప్పింది అది కాదు కదా. ‘గతమెల్లఁ దాఁ జెప్పి’ అనండి. క, గ యతి నడుస్తుంది, గణం మారదు.

శనగచేను

ఆ ఒక్క మాటకు వారం నుంచి వెతుకుతున్నా అక్కా. తీసుకున్నా.

పెన్నగట్టు

మారినాక ఇంకా ‘పాపి’ అనడం న్యాయమా? మాస్టారి పద్యానికి అక్క అడిగిందే నేనూ అడుగుతున్నా.

శనగచేను

నేను అనలేదన్నా, ఆయనే అంటాడు. దేవుడి పెళ్లిళ్లకు కూడా ముందు వరసలో నిలబడడు. ఆ మాట తీసేస్తే పద్యం నాదవుతుంది, ఆయనది కాదు.

నిర్వాహకుడు

ఆదివారం. పదకొండు పూరణలు వచ్చాయి. వేమన మీద రెండు. కటారుపల్లి సమాధి సరే, వదినగారి బులాకీ కథను మాత్రం జనం చెప్పుకునే కథగానే చూడండి, చరిత్రగా రాయొద్దు. ఈ వారం ఉత్తమ పూరణ శనగచేను గారిది. విరుపులో రాయచోటి అక్కది.

కొత్తగొంతు

అక్కా, చెప్పేశాను. అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

రాయచోటి అక్క

పెడితే తిను. మారు మాట్లాడకు.

శనగచేను

సార్, ఒక చిన్న మార్పు చేయొచ్చా? రాత్రి నాయనకు పద్యం చదివి వినిపించినా. బీడీ ఆర్పి, రెండో పాదం మళ్లీ చదవమన్నాడు. చదివినా. “వంగలేదు రా. వంగుంటే బాగుండు. నిలబడే ఉంటి, కాళ్లు వణికినాయి” అన్నాడు. ‘వంగి’ తీసేసి ‘వణకి’ అంటే ఛందస్సు చెడుతుందా?

నిర్వాహకుడు

చెడదు. ‘వంగి’ హగణం, ‘వణకి’ నగణం, రెండూ సూర్యగణాలే. వై, వ యతి కూడా అట్లే ఉంది. మార్చి పెట్టాను:

కత్తి పట్టినట్టి గతమెల్లఁ దాఁ జెప్పి
వైరి యింటి ముందు వణకి నిలిచి
మేడి పట్టి బ్రతుకు మెల్లగా మార్చిన
పాపి పాదములకు ప్రణతు లిడెద