'చిలకపలుకులు' అంటే వల్లె వేయడమేనా?

నిన్న ఒకరు అడిగిన ప్రశ్న: "అర్థం తెలియకుండా అప్పజెప్పేవాణ్ణి చిలకపలుకులు పలుకుతున్నాడంటాం. పసిపిల్లల ముద్దుమాటల్నీ చిలకపలుకులే అంటాం. తిట్టా, మెప్పా?"

చిలక సంగతి తర్వాత. ముందు 'పలుకు' చూద్దాం. మా విశాఖ చేపల రేవులో పొద్దున్నే "వంజరం ఎంత పలికింది?" అంటారు. వీణ పలుకుతుంది. మా పక్కింటి మామ్మ, మనవరాలు ఫోన్లో మునిగిపోతే, "ఏటే, పిలిస్తే పలకవేటి?" అని కేకేస్తుంది. ఆ గుంట ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, 'ఊఁ' అంటే చాలు. పలకడమంటే పిలుపుకి బదులివ్వడం కూడా. 'మాట్లాడటం'లో ఈ ఛాయ లేదు.

చిలకలు అడవిలో చేసే పని సరిగ్గా ఇదే. వెనిజులాలో ఉండే పిడికెడంత పచ్చ చిలకల్లో ఒక్కోదానికి ఒక్కో పిలుపు ఉంటుంది, మనకి పేరున్నట్టు. పరిశోధకులు గూళ్లలో గుడ్లు మార్చి చూశారు. పిల్లలకి కన్నవాళ్ల పిలుపు కాదు, పెంచినవాళ్ల పిలుపుని పోలిందే వచ్చిందని 2011లో తేల్చారు. అంటే పేరు పెట్టేది పెంచిన అమ్మానాన్నలే.

ఇక అలెక్స్. ఆఫ్రికా బూడిదరంగు చిలక. 1977లో పరిశోధకురాలు ఐరీన్ పెపర్‌బర్గ్ షికాగోలో ఒక కొట్లో కొన్నారు. 2007లో పోయేనాటికి యాభై దాకా వస్తువుల పేర్లు, ఏడు రంగులు, ఐదు ఆకారాలు చెప్పేది. రెండు వస్తువులు పెట్టి "వీటిలో తేడా ఏంటి?" అంటే "రంగు" అనేది, తేడా లేకపోతే "ఏమీ లేదు" అనేది. యాపిల్‌ని ఎంత నేర్పినా ఆ పేరుతో పిలవలేదు. బనానా, చెర్రీ కలిపినట్టు 'బనెరీ' అంది! వల్లె వేసే పక్షికి ఇంత మొండితనం ఎక్కడిది?

అన్నట్టు, "చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అని విసుక్కుంటామా, అలెక్స్‌కి అలా చెప్పనే లేదు. దాని ఎదుట ఇద్దరు మనుషులు ఒకరినొకరు అడుగుతూ, చెబుతూ, సరిగా చెప్పినవాళ్లు ఆ వస్తువు తీసుకునేవారు. అది చూసి పోటీకొచ్చి నేర్చుకుంది. తర్వాత వేరే చిలకలకి ఊరికే టేపులు వినిపించి చూస్తే, ఏ మాట దేనికో పట్టుబడలేదు.

సంస్కృతంలో చిలక అంటే శుకం. భాగవతం చెప్పినవాడు శుకుడు. వేదాల చెట్టు నుంచి రాలి, శుకుడి నోట అమృతమైన పండని ఆ గ్రంథాన్నే పొగిడారు. చిలక కొట్టిన జామకాయ తీపి అని మామ్మా అంటుంది. నిన్న ఆవిడ జామచెట్టు మీద ఒక చిలకని చూశాను: ఒంటికాలి మీద నిలబడి, రెండోకాలితో కాయ ఎత్తి పట్టుకుని, మూడు కొరుకులు కొరికి కింద పడేసింది. మామ్మ ఏరుకుని కడిగి నాకిచ్చింది. తీపే.

కాబట్టి నా లెక్కలో మెప్పే. అప్పజెప్పడానికి 'వల్లె వేయడం' అని వేరే మాట ఉండనే ఉంది, దానికి చిలకని లాగడం మన బడుల పాపం.

చేర్పు: "రామచిలకని తెచ్చి నేర్పించాలనుంది" అని కింద ఒకరు రాశారు. అయ్యా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టినా, పంజరంలో పెట్టినా నేరమే. మామ్మగారి జామచెట్టుంది, సాయంత్రం నాలుగింటికి రండి.