ముందు బ్రేకు పడితే వెనక చక్రం లేస్తోంది: ఎలా కూర్చోవాలి?

ప్రశ్న: అరకు నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టగానే నా సైకిల్ వెనక చక్రం నేల విడిచి లేస్తోంది. ఆ భయంతో వెనక బ్రేకు ఒక్కటే వాడితే ఎంతకీ ఆగడం లేదు. బ్రేకు రబ్బర్లు కొత్తవే. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: బ్రేకులో లోపమేమీ లేదండి, మీరు కూర్చునే తీరు మార్చుకోవాలి. చక్రాల వేగం తగ్గినా శరీరం ముందుకే పోబోతుంది కనుక బరువంతా ముందు చక్రం మీదికి చేరుతుంది. నిటారుగా కూర్చున్నప్పుడు సైకిలుతో కలిపి మీ గరిమనాభి (మొత్తం బరువు ఒకచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు), ముందు చక్రం నేలను తాకే చోటికి 60 సెంటీమీటర్లు వెనగ్గా, నేలకు 110 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఈ రెండింటి నిష్పత్తి సుమారు 0.55, సమతలం మీద వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో (కింద పడే వస్తువు వేగం పెరిగే రేటులో) అంత వంతుకు మించితే వెనక చక్రం లేచి తీరుతుంది. 8 శాతం వాలులో ఈ హద్దు 0.47కు పడిపోతుంది, ఘాట్‌లో మీకు ఎదురవుతున్నది ఇదే.

గరిమనాభిని 10 సెంటీమీటర్లు వెనక్కి, మరో 10 కిందికి తేగలిగితే సమతలం మీద హద్దు 0.7 అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరం 6.4 మీటర్ల నుంచి 5 మీటర్లకు తగ్గుతుంది. వెనక బ్రేకు ఒక్కటే అయితే పొడి తారు మీద కూడా 15 మీటర్ల దాకా పట్టవచ్చు కాబట్టి, దయచేసి ముందు బ్రేకును వదులుకోకండి.

రెండు పెడళ్లనూ ఒకే ఎత్తున నిలిపి, మడమలు కాస్త దించి, పిరుదులను సీటు వెనక అంచు మీదుగా వెనక్కి జరపండి. మోచేతులు కొద్దిగా వంచి, భుజాలు ముందుకు తూలకుండా అరచేతులతో హ్యాండిల్‌ను ఆనుకోండి. బ్రేకును ఒక్కసారిగా కాక, పట్టు పెంచుకుంటూ నొక్కండి. ముందు ఖాళీ మైదానంలో నెమ్మదిగా సాధన చేయడం మంచిది.

ప్రశ్న: నాది కిందికి వంపు తిరిగిన హ్యాండిల్. అక్కడ పట్టుకుంటే ఇంకా ముందుకు వంగినట్టే కదా?

సమాధానం: ఛాతీ ముందుకు వచ్చే మాట నిజమే, కానీ గరిమనాభి ఎత్తు తగ్గుతుంది, లివర్ మీద వేళ్లకు బలం కూడా బాగా చిక్కుతుంది. ఆ భంగిమలోనే పిరుదులను వెనక్కి జరపండి. అయితే తడి రోడ్డు మీద, ఇసుక మీద ఈ లెక్క మారిపోతుంది: అక్కడ వెనక చక్రం లేవడానికి ముందే ముందు చక్రం జారుతుంది కాబట్టి, మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులతో వేగం తగ్గించుకోవాలి.