సంపాదకుడే హత్యలు చేయిస్తే దాన్ని పత్రిక అనవచ్చా? ‘న్యూ ఢిల్లీ’, ‘అంతిమ తీర్పు’ చిత్రాలపై చర్చ

డెస్క్ పాతకాపు (చర్చ ప్రారంభం):

గత ఆదివారం నల్లకుంటలో ఒక మిత్రుని ఇంట్లో, జోషీ దర్శకత్వంలో మమ్ముట్టి నటించిన 1987 నాటి మలయాళ చిత్రం ‘న్యూ ఢిల్లీ’ని చాలా ఏళ్ల తరువాత మళ్లీ చూశాను. ఆ కథనే జోషీ మరుసటి ఏడాది కృష్ణంరాజు గారితో ‘అంతిమ తీర్పు’గా తెలుగులో తీశారు. సినిమా ముగిశాక మా మిత్రుడు “ఇది కలం గెలిచిన కథ” అన్నారు, నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి దాటినా ఆ వాదన తేలలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను.

చూడనివారి కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. ఢిల్లీలో పాత్రికేయుడూ కార్టూనిస్టూ అయిన జి. కృష్ణమూర్తి, మరియా అనే యువతిపై రాజకీయ పలుకుబడి గలవారు చేసిన అత్యాచారాన్ని బయటపెట్టబోతాడు. వారు అతని మీదే నేరం మోపి, పిచ్చివాడని ముద్ర వేయించి, అవిటివాణ్ణి చేసి జైలు పాలు చేస్తారు. విడుదలయ్యాక అతను మరియా తోడ్పాటుతో ‘న్యూ ఢిల్లీ డైరీ’ అనే పత్రిక పెట్టి, జైలులో పరిచయమైన ఖైదీల చేత తన శత్రువులను చంపించి, ఆ హత్యల వార్తలను ‘విశ్వనాథ్’ అనే మారుపేరును బైలైన్‌గా (వార్తతోపాటు వేసే విలేకరి పేరుగా) పెట్టి అందరికంటే ముందు ప్రచురిస్తాడు.

నా వాదన ఇది. ఆ పత్రికలో విశ్వనాథ్ పేరుతో వచ్చిన హత్యావార్తల్లో తప్పుడు సమాచారం లేదు. చనిపోయినది ఎవరో, ఎక్కడో, ఎప్పుడో అన్నీ సరిగ్గానే ఉంటాయి. అయినా ఆ పత్రిక మొత్తం అబద్ధమే, ఎందుకంటే రాసినవాడికి ఆ సంగతి ఎలా తెలిసిందన్న ఒక్క నిజాన్ని అది పాఠకుడికి చెప్పకుండా దాస్తుంది. బైలైన్ అంటే “నేను వెళ్లాను, అడిగాను, విన్నాను” అని విలేకరి ఇచ్చే పూచీ. విశ్వనాథ్ ఎవరినీ అడగనక్కరలేదు, జరగబోయేది అతనికి ముందే తెలుసు.

నేను ఎనభైల చివర్లో ఇక్కడ ఒక దినపత్రిక డెస్కులో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. ఒక రాత్రి పదకొండు దాటాక ఊళ్ల నుంచి వార్తలు పంపే ఒక కంట్రిబ్యూటర్ ఫోన్ చేసి, ఫలానా ఊరి శివార్లలో హత్య జరిగిందని చెప్పాడు. వార్త రాశాను, కంపోజింగ్ అయి బ్రోమైడ్ (అక్షరాలు అచ్చయిన ఫోటో కాగితం) వచ్చింది, పేజీలో అతికించారు కూడా. మా చీఫ్ సబ్ (డెస్కు బాధ్యుడైన సీనియర్ ఉపసంపాదకుడు) వచ్చి “హత్య అని చెప్పింది పోలీసులా, ఊరివాళ్లా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన బ్లేడు తీసుకుని శీర్షికలోంచి ‘హత్య’ అన్న రెండక్షరాల ముక్కను కోసి తీసేశారు, ఆ జాగాలో పట్టేలా ‘అనుమానాస్పద మృతి’ అని చిన్న అక్షరాల్లో మళ్లీ కొట్టించి తెచ్చి గమ్ముతో అతికించాము. పేజీ పది నిమిషాలు ఆలస్యమైంది. రెండో రోజు తేలిందేమిటంటే, ఆ మనిషికి ఫిట్స్ వచ్చి రాళ్ల మీద పడ్డాడు. ఆ రాత్రి ఆ రెండక్షరాలు అలాగే అచ్చయి ఉంటే ఆ ఊళ్లో ఎవరి ఇంటి మీదికి ఎవరు వెళ్లేవారో ఊహించుకోండి. ‘న్యూ ఢిల్లీ డైరీ’లో ఆ బ్లేడుకు పని లేదు. అందుకే ఆ సినిమా నాకు ఒక పత్రిక పతనాన్ని చూపించిన గొప్ప థ్రిల్లర్‌గా కనిపిస్తుంది గాని విజయగాథగా కనిపించదు.

నల్లకుంట వకీలు:

పాతకాపు గారూ, ఆ ఆదివారం కలం గెలిచిందన్నది నేనే. మీరు కృష్ణమూర్తి పత్రికను తప్పుపడుతున్నారు, కానీ అతను మొదట పట్టింది కలమే కదా? నిజం రాయబోయినందుకు ఎముకలు విరిగాయి, న్యాయస్థానం అతని మాట నమ్మలేదు. ఆ సినిమా చూసిన జనానికి ఎమర్జెన్సీ గుర్తుంది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికా కార్యాలయాలున్న బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేసి, మర్నాడు అక్కడి చాలా పత్రికలు రాకుండా చేసిన ప్రభుత్వాన్ని చూసినవారు వారు. అంత దూరం ఎందుకు, మన కాచిగూడలోనే 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు నరికి చంపారు. రాసే చేతినే నరికేవాళ్లు ఉన్నచోట, ఆ చెయ్యి ఇంకోటి పట్టుకుంటే మీరు విలువల గురించి పాఠం చెబుతారా?

సుల్తాన్‌బజార్ పాఠకురాలు:

ఒక సంగతి కలపాలనిపించింది. ఈ కథకు ఇర్వింగ్ వాలెస్ 1982లో రాసిన ‘ది ఆల్మైటీ’ నవల ప్రేరణ అంటారు. ఆ నవలలో వారసత్వంగా పత్రిక చేతికి వచ్చిన యజమాని పేరు కోసం, సర్క్యులేషన్ కోసం నేరాలు చేయిస్తాడు, కాబట్టి చదివేవారికి అతని మీద జాలి కలగదు. కథా రచయిత డెన్నిస్ జోసెఫ్ ఆ దురాశను తీసేసి, దాని స్థానంలో గాయాన్ని పెట్టారు. సుమలత గారు పోషించిన మరియాకు జరిగిన అన్యాయం మన కళ్లముందు ఉంటుంది కనుక, అదే పని ఇక్కడ చేస్తే చప్పట్లు కొడతాము. పని మారలేదు, మన మనసు మారింది. వకీలు గారు సమర్థిస్తున్నది పత్రికనా, పగనా అన్నది నాకు స్పష్టం కాలేదు.

డెస్క్ పాతకాపు:

పాఠకురాలు గారు చెప్పినది నాకు ఇన్నాళ్లూ తట్టలేదు, ధన్యవాదాలు. వకీలు గారూ, పగ తీర్చుకునే హక్కు కృష్ణమూర్తికి ఉందా లేదా అన్నది మీ వృత్తికి సంబంధించిన ప్రశ్న, దానిలోకి నేను దిగను. ఆ మనిషి పడ్డ బాధ చూస్తే నాకూ గొంతు పట్టేస్తుంది. కానీ మీరు తెచ్చిన ఉదాహరణలు రెండూ నా వైపే నిలబడతాయి.

షోయబుల్లాఖాన్ పనిచేసిన ‘తేజ్’ పత్రికను నిజాం ప్రభుత్వం నిషేధించింది. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో చేరితే దాన్నీ మూయించింది. అప్పుడాయన ‘ఇమ్రోజ్’ పెట్టి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని నిజాం రాజ్యంలోనే కూర్చుని బాహాటంగా రాశారు. చంపుతామన్న బెదిరింపులు వచ్చినా మరొకరి పేరు చాటుకు పోలేదు. ముప్పై ఏళ్లు కూడా నిండకుండా వెళ్లిపోయిన ఆ మనిషికీ విశ్వనాథ్‌కూ ఏ పోలికా లేదు. ఎమర్జెన్సీ సంగతీ అంతే. ఆ కరెంటు పోయిన మూడో రోజున, జూన్ 28న, ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం ఉండవలసిన జాగాను ఖాళీగా వదిలి అచ్చు వేసింది. ఒక్క అక్షరం లేకపోయినా పాఠకుడికి అంతా అర్థమైంది, అతని దగ్గర దాచినదేమీ లేదు.

తెలుగు పేరు గురించి కూడా చెప్పాలి. మలయాళంలో ఊరి పేరే సినిమా పేరు. తెలుగులో ‘అంతిమ తీర్పు’ అన్నారు, అంటే టైటిల్ కార్డులోనే సంపాదకుణ్ణి న్యాయమూర్తిని చేసేశారు. సినిమాల్లోకి రాకముందు కొంతకాలం పత్రికారంగంలో పనిచేసిన కృష్ణంరాజు గారికి విలేకరి పని తీర్పు చెప్పడం కాదని తెలియకుండా ఉండదు, అయినా ఆయన ఇమేజ్‌కు ఆ పేరు సరిపోయి ఉంటుంది.

చివరిగా మీరు ఈ కోణంలో మళ్లీ చూడాలని అడుగుతున్నాను. ఆ పత్రికలోనే పనిచేసే ఉమ, సురేశ్‌లకు విశ్వనాథ్ మీద అనుమానం వస్తుంది. ఉమ కృష్ణమూర్తికి స్వయానా చెల్లెలు. జీతమిచ్చే సంస్థలో, అన్న నడిపే పత్రికలో, “ఇంత త్వరగా ఈ వార్త ఎలా తెలుస్తోంది?” అని వెంటపడతారు. మా చీఫ్ సబ్ ఆ రాత్రి నన్ను అడిగినదీ సరిగ్గా అదే. వచ్చే ఆదివారం మా ఇంట్లో ‘అంతిమ తీర్పు’ వేస్తాను. ఆ ఇద్దరి సన్నివేశాలు వచ్చినప్పుడు ఆపి మాట్లాడుకుందాం, తప్పకుండా రండి.