మహమ్మారి వేళ కాపాడింది నమ్మకమా, పాలనా?

సాగరిక:
మహమ్మారిని ఎదుర్కొనే సన్నద్ధతను బట్టి దేశాలకు మార్కులిచ్చే ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీ 2019 అక్టోబరులో వెలువడింది. అందులో అమెరికాది మొదటి స్థానం, బ్రిటన్‌ది రెండవది. నెలలు తిరగకుండానే కోవిడ్ ఆ పట్టికను తలకిందులు చేసింది. ఇలాంటి సూచీల మార్కులకూ వ్యాధి వ్యాప్తికీ పొంతన లేదనీ, ప్రభుత్వం మీదా తోటివారి మీదా నమ్మకం ఉన్నచోట వ్యాప్తి తక్కువనీ 177 దేశాల లెక్కలతో 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. కనుక నమ్మకమే అసలు బలమని నా వాదన.

ఉత్తరవాహిని:
సాగరిక గారూ, ఆ అధ్యయనం చూపింది సంబంధాన్నే గాని కారణాన్ని కాదు. అసలు కాపాడేది పాలన అని నేనంటాను. పెరూ 2020 మార్చిలోనే కఠినంగా లాక్‌డౌన్ పెట్టింది, జనమూ మొదట్లో గట్టిగా సమర్థించారు. అయినా జనాభా నిష్పత్తిలో అత్యధిక మరణాలు నమోదైంది అక్కడే. రెక్కాడితే గాని డొక్కాడనివారు, ఇంట్లో ఫ్రిజ్ లేక కూరగాయలకు రోజూ బజారుకు వెళ్లేవారు, ఖాతా లేనందున సాయం సొమ్ము కోసం బ్యాంకుల ముందు బారులు తీరినవారు లక్షల్లో ఉన్నచోట, సర్కారును ఎంత నమ్మినా ఇంట్లో ఎలా కూర్చుంటారు?

సాగరిక:
ఫ్రిజ్ లేని ఇల్లు బలమైన ఉదాహరణే. కానీ ఆ తర్వాతి కథ కూడా చూడాలి. పెరూ నేత విస్కార్రా అధ్యక్షుడిగా ఉండగానే రహస్యంగా టీకా వేయించుకున్నారని 2021 ఫిబ్రవరిలో బయటపడింది. అదే ఏడాది మే నెలాఖరున మరణాల లెక్క సుమారు 69 వేల నుంచి ఒక్కసారిగా 1.8 లక్షలకు పెరిగింది. మొదటి సమర్థన అలా కరిగిపోయింది. డెన్మార్క్ ప్రభుత్వమూ తప్పు చేయకపోలేదు: 2020 నవంబరులో చట్టబద్ధమైన అధికారం లేకుండానే కోవిడ్ వ్యాప్తి భయంతో, బొచ్చు కోసం పెంచే మింక్ అనే జంతువులను దేశమంతటా చంపమంది. అయితే వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు, విచారణ కమిషన్ కూర్చుంది. 2021 ఏప్రిల్‌లో అరుదైన రక్తపు గడ్డల ముప్పును దాచకుండా చెప్పి ఆస్ట్రాజెనెకా టీకాను ఆపేశారు. అయినా సెప్టెంబరుకల్లా పన్నెండేళ్లు దాటినవారిలో 80 శాతానికి పైగా రెండు డోసులూ వేయించుకున్నారు. జవాబుదారీతనం ఉన్నచోట చేదు మాటకూ విలువ ఉంటుంది.

ఉత్తరవాహిని:
జవాబుదారీతనం అంటే అది పాలనే కదండీ, నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే. పైగా డెన్మార్క్ ఆస్ట్రాజెనెకాను వదులుకోగలిగింది వ్యాప్తి అదుపులో ఉండి, ఫైజర్, మోడెర్నా టీకాలు చేతిలో ఉండబట్టే. వేరే టీకా దొరకని దేశంలో ఆరోగ్య అధికారి అదే నిజాన్ని అంతే నిక్కచ్చిగా చెబితే, జనం ఆయనను నమ్మి టీకా కేంద్రానికి వస్తారా, భయపడి ఇంటికి వెళ్లిపోతారా? దీనికి మీ జవాబు కావాలి.