పశువుకి ‘ఒత్తిడి’ అనొచ్చా? బెదురు, బెంగ, ఎగజేపు

నమస్కారం అందరికీ. ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

విశాఖ చుట్టుపక్కల పాడి రైతుల కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. పశువు ఒంట్లో సహజంగా పుట్టే కార్టిసాల్, ఎడ్రినలిన్ అనే హార్మోన్లు దాని మూత్రంలో ఎంతెంత ఉన్నాయో కొలిచి, అది ఎంత ఇబ్బంది పడిందో అంచనా వేసే పరీక్ష గురించి. ‘ఒత్తిడి హార్మోన్లు’ అని రాసి ఆనందపురంలో మా పెద్దమ్మకి చదివి వినిపించాను. “ఒత్తిడేటమ్మా? ఎవులొత్తినారు, ఎక్కడొత్తినారు?” అని నిజంగానే అడిగింది. నలభై ఏళ్లుగా పాలు పితుకుతున్న మనిషికే అర్థం కాకపోతే ఆ మాట ఎవరి కోసం రాసినట్టు?

మర్నాడు తెల్లవారుజామున పాకలోకి నేనూ వెళ్లాను. కొత్త మనిషిని, పైగా చేతిలో ఫోన్ లైటు. ఆవు చెవులు రిక్కించి, తోక బిగించి, వెనక కాలు ఎత్తెత్తి పెడుతోంది. తపేలాలో నాలుగు ధారలు పడి ఆగిపోయాయి. పెద్దమ్మ పొదుగు మీంచి చెయ్యి తీసేసి, “బెదిరిపోనాది, ఎగజేపీసింది. నువ్వా లైటార్పి అవతలికెల్లు, దూడనొగ్గుతాను” అంది. దూడ మూతితో నాలుగుసార్లు కుమ్మాక ఆవు చేపింది.

చేపడమంటే పొదుగులో నిలిచిన పాలు చన్నుల్లోకి దిగడం. ఎగజేపడం దానికి ఎదురు, పాలు పైకి పట్టేసుకోవడం. దూడ మూతి తగలగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయి. బెదిరితే మూత్రపిండాల మీదుండే అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఎడ్రినలిన్ దానికి అడ్డం పడుతుంది. హార్మోన్ల పేర్లు పుట్టకముందే మనవాళ్లు ఈ రెంటికీ రెండు క్రియలు పెట్టుకున్నారు. నాకు ఆ పాకలో ఒళ్లు పులకరించింది.

‘స్ట్రెస్’ ఇంజనీర్లు కూడా వాడే మాట. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో దాన్ని ప్రతిబలం అన్నారు. దేహం ఎలాంటి దెబ్బకైనా ఒకే తీరున స్పందిస్తుందని 1936లో నేచర్ పత్రికకు రాసిన హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త, తర్వాత ఆ మాటను వైద్యంలో వ్యాప్తిలోకి తెచ్చారు. మనుషుల విషయంలో ‘ఒత్తిడి’ కుదిరిపోయింది, అభ్యంతరం లేదు. ఇంట్లో ఎలాగూ టెన్షన్ అనే అంటాం. పశువుకి మాత్రం మనకు సొంత మాటలున్నాయి. బెదురు అప్పటికప్పుడు పుట్టేది. బెంగ రోజుల తరబడి ఉండేది. సింహాద్రి అప్పన్నకి కోడెదూడను మొక్కు చెల్లించుకుని వచ్చాక, తల్లి ఆవు దారివైపు చూస్తూ అరుస్తూ కుడితి ముట్టకపోతే ‘బెంగెట్టుకుంది’ అంటారు తప్ప ఒత్తిడికి లోనైందని ఎవరూ అనరు.

ఎడ్రినలిన్‌ని ‘బెదురు హార్మోన్’ అనీ కార్టిసాల్‌ని ‘బెంగ హార్మోన్’ అనీ రాస్తే ఎలా ఉంటుంది?

ఇంకో చిన్న మాట. పంచితం అని రాద్దామనుకున్నాను గానీ అది ఆవుదే, గేదెకు అనం. కాబట్టి మూత్రమే ఉంచేశాను.

పశువైద్యం చదివిన ఒకరి జవాబు:
అమ్మా, అలా విడదీయకండి. బెదిరిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలో కార్టిసాల్ కూడా పెరుగుతుంది. రక్తం తీయడంలో చిక్కు అదే. పట్టి కట్టేసి సూది గుచ్చడమే లెక్కను పెంచేస్తుంది. మూత్రం అలా కాదు, కొన్ని గంటలుగా మూత్రాశయంలో పోగైనది. తోక కింద మెల్లగా నిమిరితే చాలా ఆవులు వాటంతటవే పోస్తాయి. నీళ్లు ఎక్కువ తాగితే పల్చబడుతుంది కాబట్టి మూత్రంలో దాదాపు ఒకే తీరున వచ్చే క్రియాటినిన్ అనే పదార్థంతో నిష్పత్తి కడతారు. ఎడ్రినలిన్ త్వరగా చెడుతుంది, అది కొలవడానికి మూత్రం పట్టే సీసాలో ఆమ్లం వేసి చల్లగా ఉంచాలి. ఇక బెంగంటారా, చాలాకాలం బాధపడ్డ పశువులో కార్టిసాల్ మామూలుగానే కనిపించొచ్చు. మేత, నెమరు, పాలు కూడా చూడాలి.

విజయనగరం నుంచి ఒకరు:
మా ఇంట్లో ‘జడుసుకుంది’ అనేవాళ్లండి. పిల్లలకీ గొడ్లకీ అదే మాట. బెదురు అయితే అందరికీ తెలుస్తుంది.

నా జవాబు:
డాక్టరు గారూ, మీరు చెప్పింది సబబు. రెండు పేర్లుగా చీల్చను. శీర్షిక ‘పశువు బెదిరిందా? మూత్రం చెబుతుంది’ అని మార్చాను. బెంగ గురించి వేరే పేరా పెట్టి, హార్మోన్ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దని రాశాను. కార్టిసాల్, ఎడ్రినలిన్ పేర్లు అలాగే ఉంచాను. పెద్దమ్మకి మళ్లీ చదివాను. ఈసారి మాటల గురించి ఏమీ అడగలేదు. సీసా ఎంతదో, ఎన్ని గంటలకు పట్టాలో అడిగింది.