నైట్రో సమ్మేళనాల హైడ్రోజనీకరణకు రేనీ నికెలా, పల్లాడియం కార్బనా?

కర్బనం: హైదరాబాదు శివారులోని మా బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) యూనిట్‌లో, వలయంపై క్లోరిన్ ఉన్న ఒక నైట్రో సమ్మేళనాన్ని హైడ్రోజన్‌తో అమీన్‌గా మార్చడానికి ఇంతవరకు రేనీ నికెల్ అనే ఉత్ప్రేరకాన్ని వాడుతున్నాము. ఇప్పుడు 5 శాతం పల్లాడియం కార్బన్‌కు, అంటే పల్లాడియం లోహాన్ని పట్టించిన బొగ్గుపొడికి, మారాలనే ప్రతిపాదన వచ్చింది. సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను.

లోహవాది: మారవద్దు. నికెల్-అల్యూమినియం మిశ్రమలోహం నుంచి అల్యూమినియాన్ని క్షారంతో కరిగించి 1920లలో ముర్రే రేనీ రూపొందించిన ఈ ఉత్ప్రేరకం ధరలో పల్లాడియానికి దరిదాపుల్లో కూడా ఉండదు. పైగా పల్లాడియం నైట్రో సమూహాన్ని అమీన్‌గా మార్చడంతో పాటు వలయంపై ఉన్న క్లోరిన్‌నూ ఊడగొడుతుంది. నికెల్‌తో ఆ ముప్పు తక్కువ.

రాత్రిషిఫ్టు: ధర లెక్కించేవారు వడపోత గదిని కూడా చూడాలి. రేనీ నికెల్ ఎండితే గాలి తగలగానే అంటుకుంటుంది కాబట్టే దాన్ని నీటిలో ఉంచుతారు. నేను లోగడ పనిచేసిన కర్మాగారంలో, గాలి తగలకుండా కాపాడే నైట్రోజన్ పీడనం పడిపోయిందని చెప్పినా వినకుండా, ఉత్ప్రేరకాన్ని వడకట్టే స్పార్క్లర్ ఫిల్టరును తెరిపించారు. ఫిల్టరులో మిగిలిన ఉత్ప్రేరకపు ముద్ద (కేకు) మండి, నా పక్కనున్న హెల్పరు ముంజేతులు కాలాయి. నివేదికలో మాత్రం కార్మికుని అజాగ్రత్త అని రాశారు.

లోహవాది: వాడిన పల్లాడియం కార్బన్ కూడా హైడ్రోజన్‌ను పట్టుకుని ఉంటుంది, మిథనాల్ ఆవిరి ఉన్నచోట అదీ నిప్పే. కనుక అది నికెల్‌పై అభ్యంతరం కాదు. క్లోరిన్ సంగతికి మీరు సమాధానం చెప్పలేదు.

జలబిందు: క్లోరిన్ నిలవాలంటే సల్ఫైడ్ చేసిన (గంధకంతో చురుకు తగ్గించిన) ప్లాటినం కార్బన్ ఉంది కదా.

రాత్రిషిఫ్టు: మనిషి కాలాడని చెబితే మళ్ళీ క్లోరిన్ అంటున్నారు! నికెల్ ఎక్కువ మోతాదులో వేయాలి, అంటే మండే కేకు కూడా అంత ఎక్కువ. దాన్ని చేతులతో గీకి తీసేది కాంట్రాక్టు కార్మికుడే గాని మీరు కాదు.

లోహవాది: నన్ను ప్రాణాలు లెక్కచేయనివాడిగా చూపడం అన్యాయం. కేకును తడిగా ఉంచడం, నైట్రోజన్ కింద వడకట్టడం ఏ లోహానికైనా తప్పనిసరి అని నేను శిక్షణ తరగతుల్లో చెబుతూనే ఉన్నాను.

రాత్రిషిఫ్టు: ఆ నియమాలు మా గోడ మీద కూడా ఉన్నాయి. డిస్పాచ్ తేదీ దగ్గరపడిన రాత్రి వాటిని ఎవరు నిలబెడతారన్నదే నా ప్రశ్న. కర్బనం గారూ, మీ దగ్గర పీడనం తగ్గితే వడపోత ఆపే అధికారం షిఫ్టులో ఎవరికుంది?

కర్బనం: ప్రొడక్షన్ మేనేజరు గారి అనుమతి కావాలి. రాత్రి పూట వారు ఉండరు.

లోహవాది: అయితే ముందు అది మార్చండి, ఆ అధికారం షిఫ్టు కెమిస్టుకు రాతపూర్వకంగా ఇప్పించండి. లోహం విషయంలో మాత్రం నా మాట అదే.